చాక్లెట్ అరటిపండు లేయర్ పుడ్డింగ్: వనభోజనాలకి పట్టుకెళ్ళాలి, గుడ్డు జెలటిన్ లేకుండా ఎలగ?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)
అందరికీ నమస్తే అండి. మా వీధి ఆడవాళ్ళం పిల్లల్తో కలిసి కార్తీక వనభోజనాలకి ఆమదాలవలస వైపు ఒక తోటకి వెళ్తున్నాం. పులిహోర ఒకరు, బూరెలు ఒకరు, పనసపొట్టు కూర ఒకరు అలగ పంచీసుకున్నారు, పిల్లలకి నచ్చే స్వీటు నాకు వదిలీసారు. నా మనసులో ఉన్నది చాక్లెట్టూ అరటిపండూ పొరలు పొరలుగా ఉండే పుడ్డింగ్, కప్పు పక్కనుంచి చూస్తే ఒక్కో పొర విడిగా కనపడాలి, కింద బిస్కెట్, దాని మీద చాక్లెట్, మధ్యలో అరటిపండు, పైన తెల్లగా క్రీమ్. ముప్ఫై మంది దాకా ఉంటాం. యూట్యూబ్‌లో ఒకళ్ళు గుడ్డు సొన వేస్తారు, ఒకళ్ళు జెలటిన్ అంటారు, ఇంకొకళ్ళు ఒవెన్ అంటారు. కార్తీకం కాబట్టి మొదటి రెండూ కుదరవు, ఒవెన్ మా ఇంట్లో లేదు, ఫ్రిజ్ మాత్రం ఉంది. పొద్దున్నే బయల్దేరినా ఉసిరి చెట్టు కింద పూజ అయ్యి తినేసరికి ఒంటిగంట దాటిపోతుంది కదా, అప్పటిదాకా పండు నల్లబడకూడదు, క్రీమ్ కారిపోకూడదు. చేసినోళ్ళెవరైనా ఉంటే వివరంగా చెప్పండి, ఎందుకలా చెయ్యాలో తెలిస్తేనే నాకు చెయ్యబుద్ధేస్తుంది.

కేకుల_బండి (రాజాం)
అక్కా చాలా మంచి ఐడియా, ఒవెన్ అసలు అక్కర్లేదు. కింద పొరకి మారీ బిస్కెట్లు మిక్సీలో బరకగా కొట్టి కరిగించిన వెన్న కలిపి గ్లాసు అడుగుతో గట్టిగా నొక్కీ, ఫ్రిజ్‌లో పెడితే అదే గట్టిపడిపోద్ది. 600 గ్రాముల బిస్కెట్‌కి 250 గ్రాముల వెన్న, ముప్ఫై కప్పులకి సరిపోద్ది. ఉప్పు లేని వెన్నైతే చిటికెడు ఉప్పు నువ్వే వెయ్యి, మానొద్దు. చాక్లెట్ పొరకి గనాష్ చెయ్యి, 500 గ్రాముల డార్క్ చాక్లెట్ సన్నగా తరిగి గిన్నెలో పెట్టుకొని, 200 మిల్లీల ఫ్రెష్ క్రీమ్ పాకెట్లు రెండు వేడిచేసి (మరగబెట్టకు, అంచుల్లో బుడగలు రాగానే దించీ) చాక్లెట్ మీద పోసి రెండు నిమిషాలు కదపకుండా వదిలేసి అప్పుడు మధ్యలోంచి మెల్లగా తిప్పు, నిగనిగలాడుతూ కలిసిపోద్ది.

పైన క్రీమ్ విషయంలో ఒక్క మాట. మామూలు ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, ఎంత గిలక్కొట్టినా పొంగదు. పొంగాలంటే 30 పైన ఉండాలి, గిన్నె కింద ఐసు ఉండాలి, ఒక నిమిషం ఎక్కువ కొట్టావంటే వెన్న తేలిపోద్ది. బేకరీ వాళ్ళు వాడేది నాన్ డెయిరీ క్రీమ్, అది ఎండలో నిలుస్తుంది గానీ నాలుక మీద నూనె పూసినట్టుంటాది, నేనైతే పిల్లలకి పెట్టను. పైపొర ఏం చెయ్యాలో వేరేవాళ్ళు కూడా చెప్పండి.

చక్కెరకేళి_పిన్ని (బొబ్బిలి)
అమ్మా నాగావళీ, అన్నిటికన్నా ముందు పండు సంగతి తేల్చుకో. చాక్లెట్ డబ్బు పెడితే ఎక్కడైనా దొరుకుతాది, పండు మాత్రం చూసి కొనాలి. నేనైతే చక్కెరకేళి తప్ప ఇంకోటి వెయ్యను, ఆ వాసన ఇంకే పండుకీ రాదు. ఈ పచ్చ అరటిపళ్ళు ఉన్నాయి చూడు పొడుగ్గా అన్నీ ఒకే సైజులో, అవి తింటే పిండి తిన్నట్టుంటాది తప్ప పండు తిన్నట్టుండదు.

పళ్ళకొట్టు_తమ్ముడు (నరసన్నపేట)
పిన్నీ మీరు చెప్పింది తినడానికి కరెక్టే గానీ పొరలో పెట్టడానికి చక్కెరకేళి కష్టం. తొక్క పల్చన, పండు మెత్తన, కొయ్యగానే జారిపోతుంది, నాలుగు గంటలు కప్పులో ఉంటే గుజ్జైపోతుంది. మా నాన్నగారు ఎప్పట్నుంచో అరటి గెలలే అమ్ముతారు కాబట్టి చెప్తున్నాను. ముక్క ముక్కలా నిలబడాలంటే ఒకటి జి-9, అంటే పిన్ని చెప్పిన పొడుగు పచ్చ అరటి, చక్రాలు చక్కగా వస్తాయి రుచి సాదా. రెండోది కర్పూరం, పొట్టిగా ఉంటుంది, కండ గట్టి, లోపల సన్నటి పులుపు ఉంటుంది, ఆ పులుపే చాక్లెట్‌కి జోడీ. అమృతపాణి దొరికితే అదీ బావుంటుంది కానీ బాగా ముగ్గితే గెల నుంచి పళ్ళు రాలిపోతాయి, కొన్న రోజే వాడుకోవాలి. సీతంపేట వైపు నుంచి వచ్చే కొండ అరటి ఎవరికైనా దొరికితే వదలకండి, గట్టిగా ఉండి వాసనుంటుంది.

నా లెక్క ప్రకారం అక్కకి కర్పూరం రెండు డజన్లు చాలు. తొక్క పూర్తిగా పసుపు, కాడ దగ్గర పచ్చ పోయి ఉండాలి, గోధుమరంగు చుక్కలు ఇంకా పడకూడదు, చుక్కలు పడ్డాయంటే పిండిపదార్థం అంతా చక్కెరైపోయి మెత్తబడిందని. వనభోజనాలకి మూడ్రోజుల ముందు కాస్త కాయగా ఉన్న అత్తం తీసుకొని ఇంట్లో గోనెలో చుట్టి పెట్టుకుంటే ఆ రోజుకి సరిగ్గా వస్తాయి. ఇంకోటి, బయట నిమ్మపండు పసుపు రంగులో మెరుస్తూ కాడ మాత్రం పచ్చగా, కొరికితే వగరుగా ఉందంటే కార్బైడ్ వేసి ఉండొచ్చు. కార్బైడ్‌తో ముగ్గబెట్టడం మన దేశంలో నిషేధం, ఇథిలీన్ వాయువుకి మాత్రం పరిమితితో అనుమతుంది, ఇథిలీన్ పండు తనంతట తాను విడుదల చేసేదే. కొట్టువాణ్ణి మొహమాటం లేకుండా అడగండి, అడిగేవాళ్ళుంటేనే మంచి సరుకు తెస్తారు.

గంటస్తంభం_మాస్టారు (విజయనగరం)
నల్లబడటం గురించి అడిగావు కదమ్మా, అది చెప్తాను, ముప్ఫై ఏళ్ళకి పైగా పిల్లలకి రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. పండు కోసినప్పుడు కణాలు తెగి లోపలున్న పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ బయటికొస్తుంది, అది గాలిలో ఆక్సిజన్ని పట్టుకొని పండులోని ఫినాల్ పదార్థాలని గోధుమరంగులోకి మార్చేస్తుంది. అంటే నల్లబడాలంటే మూడూ కావాలి: ఎంజైమ్, ఫినాల్, గాలి. ఒక్కదాన్ని ఆపితే చాలు. నిమ్మరసం పులుపు ఎంజైమ్‌ని మందగింపజేస్తుంది, అందులోని సి విటమిన్ కూడా సాయం చేస్తుంది. వేడి తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది. పండు చుట్టూ గాలి చొరబడకుండా మూసేస్తే ఆక్సిజనే అందదు. ఇనప కత్తి వాడొద్దు, ఇనుముకీ ఆ ఫినాల్స్‌కీ కలిసి ఇంకా నల్లటి రంగొస్తుంది, స్టీలు కత్తి వాడు.

నువ్వు పొరల పుడ్డింగే చేస్తున్నావు కాబట్టి మూడో దారి నీ చేతిలోనే ఉంది. పండుకి కిందా మీదా ఖాళీ లేకుండా పొరలు పొయ్యి. చాక్లెట్ మీద ముక్కలు పెట్టి పైన స్పూన్‌తో క్రీమ్ కుప్పలా పెడితే పక్కల్లో గాలి ఉండిపోతుంది, నల్లబడేది అక్కడే. పైపొర పోసేదై ఉండాలి, ప్రతి సందులోకీ దిగాలి.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)
మాస్టారూ చాలా థాంక్స్ అండి, ఇప్పుడర్థమైంది. మరి పోసే పైపొర అంటే ఏటి, కస్టర్డా? కస్టర్డ్ పౌడర్‌లో గుడ్డుంటుందేమో అని మా అత్తయ్యగారి అనుమానం.

ఎచ్చెర్ల_హాస్టల్ (ఎచ్చెర్ల)
లేదక్కా, అది మొక్కజొన్న పిండే, రంగు వాసన కలుపుతారు అంతే. అసలు కస్టర్డ్ పౌడర్ పుట్టిందే గుడ్డు లేకుండా, 1837లో ఇంగ్లండ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన వాళ్ళావిడకి గుడ్డు పడదని కార్న్‌ఫ్లోర్‌తో చేశాడు. అత్తయ్యగారికి ధైర్యంగా చెప్పొచ్చు, పాకెట్ మీద పచ్చ చుక్క కూడా చూపించండి.

ఇంకో సంగతి, మీరు చెప్పేదానికి దగ్గర చుట్టం బనోఫీ పై. అది కూడా ఇంగ్లండే, 1971లో ససెక్స్‌లో జెవింగ్టన్ అనే ఊళ్ళో ద హంగ్రీ మంక్ అనే రెస్టారెంట్‌లో మొదలైంది, ఇయాన్ డౌడింగ్, నైజెల్ మెకెంజీ అనే ఇద్దరు చేశారు. కింద క్రస్ట్, దాని మీద కండెన్స్‌డ్ మిల్క్ ఉడకబెట్టి చేసిన టాఫీ, అరటిపండు, పైన క్రీమ్. చాక్లెట్టూ అరటిపండూ మధ్యలో అలాంటి టాఫీ పొర ఒకటుంటే రుచి మారిపోద్ది అక్కా.

కేకుల_బండి (రాజాం)
టాఫీ పొర మంచిదే కానీ దయచేసి మూత తియ్యని టిన్నుని నీళ్ళలో గంటలు గంటలు మరగబెట్టే పద్ధతి ఎవరూ చెయ్యొద్దు, నీళ్ళు ఇగిరిపోతే టిన్ను పేలుతుంది, కాలుతాయి. మిల్క్‌మెయిడ్ స్టీలు గిన్నెలో పోసి, పైన ఫాయిల్ బిగించి, కుక్కర్లో నీళ్ళు పోసి ఇడ్లీ ఉడికించినట్టు కాదు, వెయిట్ పెట్టే 45 నిమిషాలు సన్నసెగన ఉంచండి. మధ్యలో నీళ్ళు తగ్గకుండా ముందే ఎక్కువ పొయ్యండి. గోధుమరంగులో గట్టిగా వస్తుంది, విస్క్‌తో కొడితే నున్నగా అయిపోద్ది.

ఉద్దానం_తోట (పలాస)
టిన్నులెందుకండీ, మందస కోవా ఉండగా. మా పక్క ఊరే. పాలు గంటలకొద్దీ మరిగించి చేసిన కోవాలో ఆ కాగిన పాల రుచి ముందే ఉంటాది, దాన్ని కొంచెం పాలు పోసి సన్నసెగ మీద వదులు చేసుకుంటే మీ టాఫీ పొర వచ్చీసినట్టే. ముప్ఫై మందికి అరకేజీ కోవాకి పావులీటరు పాలు. అడుగంటకుండా కలుపుతూ గరిటె జారుడుగా రాగానే దించీండి, చల్లారితే ఇంకా బిగుస్తాది.

పైపొరకి నా ఓటు చైనా గ్రాస్. సముద్రపు నాచు నుంచి తీస్తారు కాబట్టి కార్తీకానికి ఏ ఇబ్బందీ లేదు, జెలటిన్ జంతువుల ఎముకలూ చర్మం నుంచి. ఆ తేడా ఒక్కటే కాదు, జెలటిన్ ఫ్రిజ్‌లోనే బిగుస్తాది, బయట ఎండ తగిలితే కరిగిపోతాది. చైనా గ్రాస్ 40 డిగ్రీల కిందికి రాగానే బయటే బిగిసిపోతాది, మళ్ళీ కరగాలంటే దగ్గర దగ్గర మరగాలి. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది, కొబ్బరి జీడి తోటలు నేలమట్టమైపోయి మా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్నుంచీ మా ఇంట్లో ఫ్రిజ్‌ని నమ్ముకొని ఏ ఫంక్షన్‌కీ వంట చెయ్యం. లీటరు పాలకి 10 గ్రాముల చైనా గ్రాస్, ముందు నీళ్ళలో నానబెట్టి, విడిగా కొన్ని నీళ్ళలో పూర్తిగా కరిగేదాకా మరిగించి, వేడి పాలల్లోకి వడకట్టి పొయ్యండి. చల్ల పాలల్లో పోస్తే దారాలు దారాలుగా గడ్డకడతాది.

ఇంకోటి జీడిపప్పు. గుండ్లు కొనక్కర్లేదు, బద్ద గానీ ముక్క గానీ చాలు, రుచిలో తేడా ఏం లేదు ధరలో ఉంటాది. నెయ్యిలో దోరగా వేయించి పూర్తిగా చల్లారాక డబ్బాలో విడిగా తీసుకెళ్ళి వడ్డించేటప్పుడు చల్లుకోండి, ముందే చల్లితే తేమ పీల్చి మెత్తబడిపోతాది.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)
కోవా ఐడియా వినగానే మా ఇంట్లో అందరికీ నచ్చీసింది!! అంటే కింద బిస్కెట్, చాక్లెట్, కోవా, అరటిపండు, పైన చైనా గ్రాస్ పాలు. కానీ స్వీటు మరీ ఎక్కువైపోదా? పండూ తీపే కోవా తీపే.

కేకుల_బండి (రాజాం)
అందుకే చాక్లెట్ చేదుగా ఉండాలి అక్కా, ఈ మొత్తం కప్పులో చేదు ఉన్న పొర అదొక్కటే, అది కూడా తీపి చేసేస్తే రెండో స్పూన్‌కే మొహం మొత్తిపోద్ది. మిల్క్ చాక్లెట్ వద్దు. కొనేటప్పుడు వెనకాల చదువు, కోకో బటర్ అని ఉంటే అసలు చాక్లెట్, వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే కాంపౌండ్. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే నోట్లో పెట్టగానే కరుగుతుంది, కాంపౌండ్ కొంచెం మైనంలా నిలబడుతుంది. గనాష్‌లో క్రీమ్ కలుస్తుంది కాబట్టి కాంపౌండ్ కూడా పనికొస్తుంది, కాకపోతే రెండు స్పూన్ల కోకో పౌడర్ వేడి క్రీమ్‌లోనే ఉండలు లేకుండా కలిపెయ్యి, చేదూ వాసనా రెండూ వస్తాయి. ఒక చెంచా చిక్కటి అరకు కాఫీ డికాక్షన్ కూడా పొయ్యి, కాఫీ అని ఎవరికీ తెలీదు, చాక్లెట్టే ఇంకా చాక్లెట్‌లా ఉంటుంది.

కరిగించేటప్పుడు ఒక్క నీటిచుక్క పడకూడదు, పడితే చాక్లెట్ గరగరలాడుతూ ముద్దకట్టేస్తుంది. గిన్నె, గరిటె పొడిగుడ్డతో తుడుచుకో. క్రీమ్‌తో అయితే ద్రవం ఎక్కువ కాబట్టి ఆ భయం లేదు, విడిగా కరిగించేటప్పుడే.

చక్కెరకేళి_పిన్ని (బొబ్బిలి)
నాకు కింద బిస్కెట్ నచ్చలేదమ్మా. మినప సున్ని పెట్టు. మినపగుళ్ళు దోరగా వేయించి పొడికొట్టి బెల్లం కోరు, నెయ్యి కలిపి కప్పు అడుగున నొక్కితే ఆ కమ్మదనం ముందు బిస్కెట్ ఎంత. చాక్లెట్‌తో కలిస్తే వేయించిన గింజల వాసనొస్తాది, మా మనవలకి పెట్టాను, సున్నుండ అని చెప్తే తినరు గానీ ఇలగైతే తిన్నారు. అరటిపండు కూడా పచ్చిది కాదు, పెనం మీద నెయ్యేసి బెల్లం పాకంలో అటూ ఇటూ తిప్పు.

గంటస్తంభం_మాస్టారు (విజయనగరం)
సున్ని బావుంటుందమ్మా, నేనూ ఒప్పుకుంటాను, నెయ్యి చల్లారితే గట్టిగా పట్టుకుంటుంది కూడా. బెల్లం పాకం దగ్గర మాత్రం ఆగాలి. బెల్లంలో కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది, పరమాన్నం దించాక చల్లారనిచ్చి బెల్లం వేసేది పాలు విరక్కుండానే కదా. నాగావళి ఇక్కడ బెల్లం పట్టిన ముక్కల మీద వెచ్చటి పాలు పోస్తుంది, అంచుల్లో పలుకులు పలుకులుగా విరిగే ప్రమాదముంది. నిమ్మరసంలో ముంచిన ముక్కలకీ ఇదే ఇబ్బంది, నేను పైన నిమ్మరసం చెప్పింది సాధారణంగా, ఈ పుడ్డింగ్‌కి అది వద్దు. పిన్నిగారు చెప్పిన దాంట్లో నెయ్యి ఉంచి బెల్లం తీసేద్దాం. పెనం మీద నెయ్యిలో ఒక్కో వైపు కాసేపు తిప్పితే ముక్క పైభాగంలో ఎంజైమ్ వేడికి పోతుంది, నెయ్యి పూత కూడా ఉంటుంది. అలా కాకుండా పచ్చిగా పెట్టినా, వెంటనే పాల పొర పోసి మూసేస్తే నల్లబడదు. చక్కెర మాత్రం ముక్కల మీద చల్లకు, పండులోంచి నీరు లాగేస్తుంది, ఆ నీరే పొరల మధ్య చేరి కప్పు ఊగితే జారిపోతాయి.

వంశధార_గట్టు (టెక్కలి)
కొత్త సభ్యురాలిని, మొత్తం చదివాను. పాల పొర ఎప్పుడు పొయ్యాలి అన్నది ఎవరూ చెప్పలేదు. వేడిగా పోస్తే చాక్లెట్ కరిగి పాలు మట్టి రంగైపోతాయి, చల్లారాక పోద్దామంటే గిన్నెలోనే గడ్డకట్టేస్తుంది.

ఉద్దానం_తోట (పలాస)
చాలా మంచి పాయింటండి. కప్పులు ముందు ఫ్రిజ్‌లో ఒక గంటైనా ఉండి చాక్లెట్, కోవా రెండూ గట్టిపడి ఉండాలి. ముక్కలు పేర్చీసి, పాలు వేలు పెడితే బాగా వెచ్చగా తగిలి వేలు తీసెయ్యాలనిపించనంత వేడిలో ఉండగా పోసీండి, గరిటె వెనకవైపు మీదుగా మెల్లగా. కోవా అడ్డముంటాది కాబట్టి చాక్లెట్‌కి వేడి తగల్దు, ఆ వరస అందుకే. పోసేలోపు గిన్నెలో గడ్డకట్టడం మొదలైతే కంగారు పడకండి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి మరిగిస్తే మళ్ళీ కరుగుతాది, చైనా గ్రాస్‌కి ఆ సుగుణముంది. ఒకేసారి లీటరు కాకుండా రెండు గిన్నెల్లో పెట్టుకుంటే ఒకటి పోసేలోపు రెండోది పక్క పొయ్యి మీద వెచ్చగా ఉంటాది.

కేకుల_బండి (రాజాం)
దీనికి ఇంకో మాట కలుపుతున్నా. పాల పొర బాగా బిగిసి చల్లబడ్డాక దాని మీద ఇంకో చైనా గ్రాస్ పొర పోస్తే రెండూ అతుక్కోవు, స్పూన్ పెట్టగానే జారి విడిపోతాయి. ఇంకో పొర కావాలంటే కింది పొర వేలికి జిగటగా అంటుకునేటప్పుడే పొయ్యాలి. కార్న్‌ఫ్లోర్ కస్టర్డ్ ఎవరైనా చేస్తే ఫ్రీజర్లో పెట్టొద్దు, కరిగాక నీళ్ళు వదిలేస్తుంది, బిగిశాక కలపడం కూడా వద్దు.

పళ్ళకొట్టు_తమ్ముడు (నరసన్నపేట)
మోసుకెళ్ళడానికి థర్మాకోల్ పెట్టె వాడండక్కా, కొత్తదే కొనండి, చేపల పెట్టె కడిగినా వాసన పోదు, పాలు ఆ వాసన పట్టేస్తాయి. అడుగున ఐసు ముక్కలు పాలిథిన్ కవర్లో కట్టి, పైన అట్ట, దాని మీద కప్పులు. కప్పుల మధ్య ఖాళీ ఉంటే పాత తువ్వాలు కుక్కండి. ఆటోలో అయితే ఒళ్ళో పెట్టుకోండి, కింద పెడితే మన రోడ్ల కుదుపులకి పొరలు కలిసిపోతాయి.

పూసపాటి_వీధి (విజయనగరం)
మా ఇంట్లో పాలు పడని బాబున్నాడు, వాడికోసం ఇదే పద్ధతిలో పాలు లేకుండా కుదురుతుందా అండి? పుట్టినరోజుకి చెయ్యాలనుంది.

ఉద్దానం_తోట (పలాస)
ఎందుకు కుదరదండీ, కొబ్బరి పాలున్నాయి. ముదురు కొబ్బరి తీసి మొదటి పాలు చిక్కగా పిండి, 200 గ్రాముల డార్క్ చాక్లెట్‌కి ఒక కప్పు వేడి కొబ్బరి పాలు, అదే గనాష్. చాక్లెట్ పాకెట్ మీద పాలపొడి లేదని చదివి కొనండి, చాలా వాటిల్లో ఉంటాది. పైపొరకి రెండో పాలల్లో చైనా గ్రాస్ అదే లెక్క. కోవా బదులు జీడిపప్పు గంటసేపు వేడినీళ్ళలో నానబెట్టి వెన్నలా రుబ్బి కాస్త చక్కెర కలపండి. అడుగు పొరలో వెన్న, నెయ్యి కూడా వద్దు, కొబ్బరినూనె వాడండి, వంటకి తీసింది. కోకో కూడా ఎక్కడిదో కాదు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల్లోనే అంతరపంటగా పండిస్తారు, ఆ రెండూ ఒకే నీడన పెరుగుతాయి, రుచిలో కూడా కలుస్తాయి.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)
అందరికీ నమస్తే, నిన్ననే వనభోజనాలయ్యాయి, వెంటనే రాస్తున్నాను. ముందురోజు సాయంత్రం బిస్కెట్, గనాష్, కోవా వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను, తెల్లారి ఐదుకి లేచి పండు కోసి పాలు పోశాను. పిన్ని మాట మీద కొన్ని కప్పుల అడుగున సున్ని పెట్టాను, మిగతావి బిస్కెట్. పండు కర్పూరమే, సగం పచ్చిగా సగం నెయ్యిలో తిప్పి పెట్టాను, ఏది ఎలగుంటుందో చూద్దామని. రెండిట్లోనూ పైకి ఒక్క ముక్క కూడా నల్లబడలేదు మాస్టారూ, ఒంటిగంటన్నరకి తిన్నాం, కప్పు పక్కనుంచి పసుపు తెలుపు గోధుమ అన్నీ విడివిడిగా ఉన్నాయి. ఒకటి రెండు కప్పుల్లో ముక్క కొంచెం పైకి తేలి పాలల్లోంచి బయటికొచ్చింది, ఆ కొస మాత్రం గోధుమరంగయ్యింది, మీరు గాలి గురించి చెప్పింది కళ్ళారా చూశాను.

రుచికొస్తే పెద్దవాళ్ళు నెయ్యిలో తిప్పిన పండు, సున్ని అడుగు ఉన్నవి అడిగి మరీ తీసుకున్నారు, పిల్లలు బిస్కెట్ వాటి మీదే పడ్డారు. నాకు వ్యక్తిగతంగా పచ్చి కర్పూరమే నచ్చింది, ఆ సన్నటి పులుపు కోవా తీపిని కోసేస్తోంది, నెయ్యిలో తిప్పితే ఆ పులుపు తగ్గిపోతోంది. డికాక్షన్ వేశానని చెప్తే గానీ ఎవరికీ తెలీలేదు. మా అత్తయ్యగారు కోవా మందసదని కనిపెట్టీసారు.

చక్కెరకేళి_పిన్ని (బొబ్బిలి)
సంతోషమమ్మా. పెద్దవాళ్ళు సున్ని అడిగారంటే నాకు కడుపు నిండిపోయింది. మరి ముక్క తేలడం ఎందుకొచ్చింది?

గంటస్తంభం_మాస్టారు (విజయనగరం)
అరటిపండు ముక్క పాల మీద తేలడానికే చూస్తుంది పిన్నిగారూ, అతుక్కోకపోతే పైకి లేస్తుంది. కోవా ఇంకా మెత్తగా ఉండగానే ముక్కల్ని కొంచెం నొక్కి పెట్టాలి. లేదా పాలు రెండు విడతలుగా, మొదట ముక్కలు సగం మునిగేదాకా పోసి, అది వేలికి జిగటగా తగిలినప్పుడు మిగతాది. కేకుల బండి అమ్మాయి చెప్పిన అతుక్కునే సమయం అదే.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)
అయితే వచ్చేసారి రెండు విడతలుగా పోస్తాను మాస్టారూ. కొబ్బరిపాల రకం చేసినవాళ్ళు కూడా ఇక్కడ రాయండి, మా చెల్లెలి కూతురికీ పాలు పడవు.

పూసపాటి_వీధి (విజయనగరం)
తప్పకుండా రాస్తానండి, బాబు పుట్టినరోజు వచ్చే వారమే. ఒక్క డౌట్, చిన్న కప్పులు కాకుండా పెద్ద గాజు గిన్నెలో ఒకటే చేస్తే కొలతలు మారతాయా? రైల్లో విశాఖపట్నం తీసుకెళ్ళి అక్కడ కట్ చెయ్యాలి.

కేకుల_బండి (రాజాం)
చైనా గ్రాస్ తప్ప మిగతా కొలతలు మారవు కానీ లోతు ఎక్కువైతే పొర బిగియ్యడానికి టైం ఎక్కువ పడుద్ది, రాత్రే చేసేయండి. పెద్ద గిన్నెకి లీటరు కొబ్బరిపాలకి చైనా గ్రాస్ 12 గ్రాములు చెయ్యండి, స్పూన్‌తో తీసేటప్పుడు అంచు నిలబడాలి కదా. రైలుకి గాజు వద్దు, మూత బిగుసుకునే స్టీలు డబ్బా వెడల్పాటిది తీసుకోండి, మూత కింద పొడి గుడ్డ కట్టండి, లేకపోతే చెమ్మ చుక్కలు పైపొర మీద పడతాయి. పొరలు కనపడాలంటే అక్కడికెళ్ళాక చాకు వేణ్ణీళ్ళలో ముంచి తుడిచి నిలువుగా కోసి పళ్ళేల్లో పెట్టండి.